వాసెన మీద పండుగప్ప

చేపను వండే ముందు వేయించవలెనా, వద్దా అన్న ప్రశ్నపై మానవజాతి ఇంతవరకు ఒక నిర్ణయానికి రాలేకపోయింది. వచ్చి ఉంటే చరిత్రలో సగం యుద్ధాలు జరిగి ఉండేవి కావని, తక్కిన సగం మధ్యాహ్న భోజనానికి ముందే ముగిసి ఉండేవని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయి. ఖిదిర్‌పూర్ ఓడల డాకు కార్మికుల సహకార క్యాంటీనులో ఈ మహాప్రశ్న ప్రతిరోజూ అన్నం వేళకు కొత్తగా జన్మించేది. పసుపూ ఉప్పూ రాసి ఆవనూనెలో ఎర్రగా వేయించనిదే చేపకు చేపతనం రాదని వంగీయుల సిద్ధాంతం. ఒకసారి వేగిన చేప పులుసును లోనికి రానీయదని, పులుసు చొరని చేపా చెక్కముక్కా ఒకటేనని శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఓడల్లో బస్తాలు మోసే తెలుగువారి సిద్ధాంతం. ఎర్రజెండా ప్రభుత్వం రెండవసారి గెలిచి, శ్రామికులందరూ ఒకటేనని గోడలన్నింటి మీదా రాయించిన తరువాత కూడా ఈ రెండు వర్గాల మధ్య సయోధ్య కుదరలేదు. ఇరుపక్షాలూ ఏకీభవించిన అంశం ఒక్కటే: కారమూ నూనే సోకకుండా ఉత్త ఆవిరి మీద ఉడికిన చేప జబ్బుమనిషికో బాలింతకో పెట్టే పథ్యం, ఆరోగ్యవంతుడి కంచంలో దానికి చోటు లేదు.

ఈ క్యాంటీనులో అప్పలకొండమ్మ చేపలు కోసేది. నేల మీద గొంతుక్కూర్చుని, కత్తిపీటను కుడిపాదంతో తొక్కిపట్టి, చేపను రెండు చేతులా పట్టుకుని నిలువు కత్తి మీదికి నెట్టేది. పొలుసు ముంజేతుల దాకా ఎగసి అతుక్కుని, పనయ్యేసరికి ఆమె వెండి కంకణాలు తొడుక్కున్నట్టు కనిపించేది. కోయడం, కడగడం, నూరడం, తోమడం స్త్రీల పనులు. పొయ్యి మాత్రం పురుషులది. దీనికి మూఢాచారం కారణం కాదు, అభ్యుదయమే కారణం. స్త్రీజాతిని పొయ్యి దాస్యం నుంచి విముక్తం చేయాలని క్యాంటీను కమిటీ ఒకనాడు చప్పట్ల మధ్య తీర్మానించింది. ఆనాటి నుంచి అక్కడి స్త్రీలు విముక్తలై, పొయ్యికి నాలుగు బారల దూరంలో, తడి నేల మీద, తక్కువ హోదాలో కూర్చుంటున్నారు. అప్పలకొండమ్మకు ఈ విముక్తి అక్కరలేదు. ఆమెకు పొయ్యి కావాలి. గరిటె పట్టుకుని నిలబడే మనిషిని అందరూ పేరు పెట్టి పిలుస్తారు. కూర్చుని కోసే మనిషిని ఎవరైనా "ఇదిగో" అంటారు.

మంగళవారం ఉదయం కమిటీ కార్యదర్శి గోపీనాథ్ వంటశాలలోకి వచ్చాడు. భుజానికి గుడ్డ సంచీ వేలాడుతూ ఉండే సన్నని మనిషి. ప్రపంచంలో ఏ మూల ఏమి జరిగినా తనను సంప్రదించి జరిగినట్టే మాట్లాడేవాడు. శనివారం వియత్నాం నుంచి ఓడ వస్తున్నదని, ఆ ఓడ కార్మికుల ప్రతినిధులు మన క్యాంటీనులో భోంచేస్తారని, సామ్రాజ్యవాదాన్ని ఓడించిన వారికి వారి దేశపు పద్ధతిలోనే చేప వండిపెట్టడం మన చారిత్రక కర్తవ్యమని ప్రకటించాడు. సింగపూర్ వెళ్ళివచ్చిన ఓడ పనివాడొకడు ఆ పద్ధతి చెప్పాడట. నిమ్మగడ్డి, అల్లం, దుంపరాష్ట్రం, నిమ్మాకు వేసి, చేపను ముక్కలు చేయకుండా ఆవిరి మీద పెట్టాలి. నూనె వద్దు, కారం గుండ వద్దు.

పెద్ద వంటవాడు మృత్యుంజయ్ గరిటె ఆపాడు. పొయ్యి ముందు ఇరవై ఏళ్ళుగా నిలబడి, పొయ్యి రంగే వచ్చిన మనిషి.

"గోపీబాబూ, ఎవరికి ఒంట్లో బాగాలేదు?"

"ఎవరికీ ఏమీ కాలేదు దాదా. వాళ్ళ తిండి అది."

"వాళ్ళు యుద్ధంలో తిన్నారేమో. యుద్ధంలో నూనె దొరకదు. ఇప్పుడు గెలిచారుగా, కాస్త వేయించి పెడదాం."

"వేయించకూడదు."

"అయితే ఆవపిండి పట్టించి, ఆవనూనె పోసి భాపా చేస్తాను. అదీ ఆవిరే."

"ఆవాలు కూడా వద్దంటున్నాను కదా."

మృత్యుంజయ్ గరిటెను కడాయి అంచుకు ఆనించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తన పొయ్యి మీదికి వేయించని చేప ఎక్కదని, కావాలంటే ప్రతినిధులను డాకు ఆసుపత్రికి తీసుకుపోయి అక్కడ పెట్టించమని శాంతంగా చెప్పాడు. అప్పుడు కత్తిపీట దగ్గర నుంచి మాట వినిపించింది.

"నాను వండుతాను గోపీదాదా."

ఆమె మాట్లాడింది ఖిదిర్‌పూర్ భాషలో. అందులో బెంగాలీ, హిందీ, శ్రీకాకుళం సమాన భాగస్వాములు. కాని "నాను" అన్నది మాత్రం తెలుగులోనే వచ్చింది.

గోపీనాథ్ తీర్మానాన్ని గుర్తుచేయబోయాడు. ఆమె చేతిలోని చేపను కింద పెట్టి లేచింది.

"సుట్టాలొచ్చి తింటే, నన్ను పొయ్యికాడ ఎడతావా? ఇందరి ముందరా సెప్పు."

శనివారం తప్ప వేరే లోకం కనిపించని స్థితిలో ఉన్న గోపీనాథ్, ఇందరి ముందరా, పెడతానన్నాడు.

మృత్యుంజయ్ కడాయి వైపు తిరిగి, "బౌమా, చేపను స్నానం చేయించి పంపిస్తావన్నమాట," అన్నాడు. కోడలినైనా కోడలి వయసు దాన్నైనా పిలిచే పిలుపు అది. అందులో వెక్కిరింతకు కూడా చోటుంటుందని ఆమెకు ఆనాడే తెలిసింది.

*

దుంపరాష్ట్రం కోసం ఆమె బజారులో మూలికల కొట్టుకు వెళ్ళింది. కొట్టువాడు ఎండిన వేరు పొట్లం కడుతూ, దగ్గు పెద్దవాళ్ళకా, చిన్నవాళ్ళకా అని అడిగాడు. నిమ్మగడ్డి కోసం డాకు ఆసుపత్రి తోటమాలి దగ్గరకు వెళ్ళింది. దోమలు రాకుండా అతను గోడ పొడుగునా దాన్ని పెంచేవాడు. మూలికల కొట్టు నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి గడ్డికట్టతో ఇంటికి ఆమె నడిచి రావడం కూలీ లైన్లలో చూడవలసినవారందరూ చూశారు.

ఆవిరి పెట్టడం ఆమెకు కొత్త కాదు. పెద్ద డేక్చీలో నీళ్ళు పోసి, దాని మూతికి తడిగుడ్డ బిగించి వాసెన కట్టింది. కుడుములైతే ఆ గుడ్డ మీదే వేస్తారు. కుడుము పడుకోవలసిన చోట తెలాపియా చేపను పడుకోబెట్టి, నిమ్మగడ్డిని కొత్తిమీరలా సన్నగా తరిగి పైన చల్లి, మూత బోర్లించింది. గుమ్మంలో కూర్చున్న అత్త దాలమ్మ ఈ కర్మకాండను కన్నార్పకుండా చూసింది.

భర్త గోవిందరాజు పని నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, తెల్లగా ఉన్న చేపను చూసి, భార్య మొహం చూసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ మింగలేదు. తరువాత పళ్ళ సందుల్లోంచి గడ్డిపోచలను ఒక్కొక్కటిగా తీసి కంచం అంచున వరసగా పెట్టాడు.

"ఎలాగుంది మావా?"

"బాగుంది. నీసు కంపు గూడ బాగుంది."

"గడ్డేసింది గదేటి," అంది దాలమ్మ. "రేపు పొద్దుటికి పాలు గూడ ఇస్తాది."

"నువ్వూ ఒక ముక్క రుసి సూడు అత్తా."

"నానేటి బాలింతనేటి?"

అంతలో పక్కింటి తవిటమ్మ బార్లీ డబ్బా కొంగు చాటున పట్టుకుని వచ్చింది. వచ్చి, గోవిందరాజు కంచం చూసి, నిట్టూర్చి, డబ్బాను గోడవారగా పెట్టింది.

"ఎన్నాళ్ళ నుండి వొదినా?"

"ఏటి ఎన్నాళ్ళ నుండి?"

"దాసకు. నాకు సెప్పకపోతే ఎవులికి సెప్తావు? కల్లు పచ్చగా ఉన్నాయి, నాను సూసినాను."

గోవిందరాజు కళ్ళు పచ్చగా లేవు. అతని ఎదురుగా పసుపు గోడ ఉంది. కాని ఎవరి ఇంట్లో నూనె మానేసి చేపకు ఆవిరి పెడితే ఆ ఇంటి మగవాడికి పచ్చకామెర్లని లైన్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. చీకటి పడకముందే ఆ వార్త చివరి ఇంటి దాకా నడిచింది.

మరునాటి సాయంకాలం గోవిందరాజు ఇంటికి రాగానే చొక్కా విప్పి కొక్కానికి విసిరాడు.

"నన్ను బస్తా ఎత్తనివ్వడం నేదు. ఎల్లి నీడన కూకోరా అంటాడు సర్దారు. నా గేంగోళ్ళు నా బీడీ గూడ లాగేసినారు, పొగ మంచిది కాదని. నీ సేప నన్ను సంపకుండానే శవాన్ని సేసింది."

"ఇంకా మూడొద్దులు ఓర్సుకో మావా."

"పొయ్యికాడ నిలబడితే నీకేటొస్తాది? ఇంటికాడ పొయ్యి నేదేటి?"

అప్పలకొండమ్మ డేక్చీ కింద బొగ్గులు సర్దుతూ తల ఎత్తలేదు. "ఇంటికాడ పొయ్యికి నన్నెవులూ ఎడతామని సెప్పనేదు. అదే వొచ్చి నా మెడకి సుట్టుకుంది," అంది.

గోవిందరాజు కంచం ముందుకు లాక్కున్నాడు. ఆ రాత్రి చేపను గడ్డిపోచలతో సహా తిన్నాడు. అది భార్యపై ప్రేమకు నిదర్శనమని అనుకోవచ్చు. కామెర్లకు నిదర్శనమని కిటికీలోంచి చూసిన తవిటమ్మ అనుకుంది.

గురువారం మూడవ చేప పాడయింది. గుడ్డలోకి నీరు దిగి, ఆ నీటిలోనే ఉడికి, వానలో తడిసిన కాగితంలా విడిపోయింది. అప్పలకొండమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే దాలమ్మ గుమ్మం విడిచి లేచేది కాదు.

లేచి, మోకాళ్ళను తిట్టుకుంటూ వచ్చి, నిమ్మగడ్డి కట్టను లాక్కుంది. కాడల తెల్లని మొదళ్ళను సన్నికల్లు మీద పెట్టి, పొత్రంతో రెండు దెబ్బలు వేసింది. చిన్న గది అంతా ఒక్కసారి వాసన విచ్చుకుంది. తరగలేదు, నలగ్గొట్టిన కాడలను పొడుగ్గా పక్కపక్కన పరిచింది, ఈనెల చాపలా.

"దీనిమీద తొంగోబెట్టు. నీల్లు కిందకి పోతాయి, వోసన పైకొస్తాది. తినీది సేప. గడ్డి కాదు."

"నీకెలాగ తెలుసు అత్తా?"

"రంగంలో మాయమ్మ సేసీది." దాలమ్మ అంతకు మించి బర్మాను గురించి ఏమీ చెప్పలేదు. గూట్లోంచి ఎండు నెత్తళ్ళ డబ్బా తీసి, గుప్పెడు వేడినీళ్ళలో వేసింది. అవి నాని, నీరు తేనె రంగు తిరిగాక వడగట్టింది. "ఉప్పెయ్యకు. ఇది సేప మీద పొయ్యి. ముందుగాల సేపలోంచి ఊరిన నీరు పారబొయ్యి, అందులోనే ఉంటాది నీసు."

ఆ సాయంకాలం చేప ముల్లు నుంచి జారి వచ్చింది, విడిపోకుండా. గోవిందరాజు మొదటి ముద్ద మింగి, రెండవది అడగకుండానే పెట్టుకున్నాడు. దాలమ్మ మాత్రం, తాను బాలింతను కానన్న మాట మీదనే నిలబడింది. చేప తోకను ఎవరూ చూడకుండా తిన్నది.

*

శనివారం ఉదయం పండుగప్పలు వచ్చాయి. బెంగాలీలు భెట్కీ అనే చేప అది. ముంజేతి పొడుగున, బూడిద వెండి రంగులో, కళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి. అప్పలకొండమ్మ వాటిని ముక్కలు చేయలేదు. పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి, రెండు పక్కలా ఏటవాలుగా గాట్లు పెట్టి, గాట్లలో అల్లం చీలికలు దూర్చింది. అన్నం వండే పెద్ద హండాల మూతులకు కొత్త గుడ్డ వాసెన కట్టింది. కడాయి పక్కనే ఆమె హండాలు ఎక్కాయి. నాలుగు బారల దూరం దాటి ఆమె ఆ పొయ్యి ముందు నిలబడటం అదే మొదలు. వేడి మొహానికి కొట్టింది. వెనక్కు జరగలేదు.

మామూలు నిమ్మాకులు తీసి గుడ్డ మీద పరచబోతుంటే పక్క నుంచి ఒక చేయి వచ్చి వాటిని తోసివేసింది. మృత్యుంజయ్. తన సంచీలోంచి ముదురాకుపచ్చని పెద్ద ఆకుల గుత్తి తీసి పెట్టాడు. గంధరాజ నిమ్మాకులు, ఇంటి పెరట్లోవి.

"చేప ఎలాగూ పోయింది. వాసనైనా బతకనీ," అన్నాడు, కడాయిని చూస్తూ.

"నీ సెట్టువా దాదా?"

"మా ఆవిడ చెట్టు. నేను కోశానని తెలిస్తే నన్ను కూడా దీని మీదే పెడుతుంది."

భోజనశాలలో ఎర్రగుడ్డ తోరణాలు వెలిశాయి. గోపీనాథ్ ఉపన్యాసం సిద్ధం చేసుకుని గుమ్మంలో పచార్లు చేస్తున్నాడు. హండాల మూతల సందుల నుంచి ఆవిరి రేగి, నిమ్మగడ్డీ గంధరాజమూ కలిసిన వాసన రేవు దాకా వ్యాపించి, ఆవనూనె ఏకచ్ఛత్రాధిపత్యానికి అలవాటుపడిన ఆ ప్రాంగణంలో ఒక రాజకీయ మార్పులా తిరిగింది. అప్పుడు డాకు ఆఫీసు నుంచి సైకిలు మీద ఒక మనిషి వచ్చాడు. నదిలో లోతు చాలదని ఓడలకు దారి చూపే పైలట్లు ఒప్పుకోలేదట. ఓడ నది దిగువన హల్దియా రేవులోనే ఆగిపోయింది. అక్కడే సరుకు దింపి, అటే వెళ్ళిపోతుంది.

సామ్రాజ్యవాదాన్ని ఓడించిన వారిని హుగ్లీ ఒండ్రుమట్టి ఓడించింది.

గోపీనాథ్ చాలాసేపు మాట్లాడలేదు. అతని విషయంలో చాలాసేపంటే అరనిమిషం. తరువాత వంటశాలలోకి వచ్చి, అప్పలకొండమ్మ ఎదుట నిలబడి, నేల చూశాడు.

"అతిథులు రాలేదు దిది. తింటే అని కదా అనుకున్నాం."

"సేప ఉంది గదా. తినీవోలు లేరా?"

"ఉన్నారు. పెడదాం. కాని అది వేరు, ఇది వేరు."

ఆమె మూత తీసి, ఆవిరిలోకి వంగి, మొదటి చేపను రెండు చేతులా పళ్ళెంలోకి దించింది. చేతులు కాలాయి. తల ఎత్తలేదు.

బల్లల మీద వరసగా పండుగప్పలు. తెల్లని ఒళ్ళు, కింద పచ్చని ఆకులు, చుట్టూ తేనె రంగు నీరు. ఎరుపన్నది ఎక్కడా లేదు, తోరణాల మీద తప్ప. వంగీయులు ఒకవైపు, తెలుగువారు ఒకవైపు కూర్చుని, చరిత్రలో తొలిసారి ఒకే అభిప్రాయంతో ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏటిరా ఇది, ఆస్పత్రి కూడు," అన్నాడు గోవిందరాజు గేంగులో మరియదాసు. పొడుగాటి మనిషి, అన్నానికి కారం చాలకపోతే ఒంటికి అవమానమని భావించేవాడు.

గోవిందరాజు గభాలున ముందుకు వంగి పెద్ద ముక్క తీసుకుని తిన్నాడు. "బాగుందిరా. తినండి."

"నువ్వు తింతావు. నీకు కామెర్లు," అన్నాడు మరియదాసు జాలిగా.

ఆ మాటతో గోవిందరాజు చేసిన సాయమంతా అపకారమైపోయింది. అతను ఎంత ఇష్టంగా తింటే అంత జబ్బుపడ్డాడు. చేతులు పళ్ళాల పక్కన ఆగిపోయాయి. వంటశాల గుమ్మంలో అప్పలకొండమ్మ కొంగుతో చేతులు ఒత్తుకుంటూ నిలబడింది. చేప చల్లారితే మళ్ళీ నీసు తేరుతుంది. అది ఆమెకు తెలుసు. చల్లారుతున్నది.

ఆమెను దాటుకుని మృత్యుంజయ్ భోజనశాలలోకి వచ్చాడు. వంటవాడు తినేవాళ్ళ మధ్య కూర్చోవడం ఆ క్యాంటీనులో ఎవరూ ఎరగరు. అతను తలగుడ్డ విప్పి, మరియదాసును పక్కకు జరగమని సైగ చేసి, బెంచీ మీద కూర్చున్నాడు. అన్నం మీద చేపముక్క పెట్టుకుని, తేనె రంగు నీరు రెండు చెంచాలు పోసుకుని, వేళ్ళతో ముల్లు వెతికి తీసి, తిన్నాడు. మెల్లగా తిన్నాడు. ముక్క అయిపోయింది. ఇంకో ముక్క పెట్టుకున్నాడు. అది కూడా అయిపోయాక, పళ్ళెంలో మిగిలిన నీరు అన్నంలోకి వంపుకుని, కలిపి, కంచం ఖాళీ చేశాడు.

"దాదా, వేయించని చేప," అన్నాడు ఒక వంగీయుడు, తన కళ్ళను తానే నమ్మనట్టు.

"నోరు మూసుకుని తిను. చల్లారుతోంది."

మరియదాసు ఒక వేలితో చేపను తాకి, వేలు నాకాడు. తరువాత ఆ చేతి తక్కిన వేళ్ళు కూడా పని మొదలుపెట్టాయి. బల్లల మీద శబ్దం మారింది. కాసేపటికి పళ్ళాల్లో ముళ్ళూ, ఆకులూ, నలిగిన గడ్డికాడలూ మిగిలాయి. గడ్డికాడలను కూడా ఒకడు నమిలి చూస్తుంటే, "అది తినీది కాదురా, గేదెవేటి?" అని పక్కవాడు లాగేశాడు.

మృత్యుంజయ్ చేయి కడుక్కోవడానికి వంటశాలలోకి వచ్చాడు. నీళ్ళు పోస్తున్న అప్పలకొండమ్మతో, గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పవద్దన్నాడు. రెండేళ్ళుగా అతని కడుపులో పుండు. డాక్టరు నూనె, కారం, ఆవాలు మానిపించాడు. ఇక్కడ రోజంతా వేయిస్తాడు. ఇంటికి పోయి పచ్చి అరటికాయ ఉడకబెట్టింది తింటాడు.

"మా ఆవిడ చేపను కూడా ఉడకబెడుతుంది. బట్టలు ఉడకబెట్టినట్టు. రెండేళ్ళ తరువాత చేప తిన్నాను బౌమా." తలగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. ఆ తరువాత కళ్ళు కూడా తుడుచుకున్నాడుగాని, పొగ అన్నాడు.

గోపీనాథ్ వంటశాలలోకి వచ్చేసరికి మృత్యుంజయ్ కడాయి పక్కన చోటు ఖాళీ చేసి నిలబడి ఉన్నాడు.

"గోపీబాబూ, ఈ పక్క పొయ్యి ఈమెది. తీర్మానం రాయించుకో."

"దాదా, స్త్రీలను పొయ్యి దాస్యం నుంచి—"

"ఆమెను ఒప్పుకోకపోతే నేనూ దాస్యం మానేస్తాను. సోమవారం నుంచి నువ్వు వండు."

గోపీనాథ్ ఆలోచించాడు. అతని ఆలోచన ఎక్కడ మొదలైనా ప్రపంచ చరిత్ర గుండానే ప్రయాణించేది. పొయ్యి భూస్వామ్య యుగానిది, నిజమే; కాని ఆవిరి అలా కాదు. ఆవిరి యంత్రాలను నడిపింది, ఓడలను నడిపింది, శ్రామికవర్గాన్నే పుట్టించింది. స్త్రీని ఆవిరి దగ్గర నియమించడం వెనకడుగు కాదు, ముందడుగు. ఈ వాదం అతనికి ఎంత నచ్చిందంటే, దాన్ని పొయ్యి ముందే మొదటి నుంచి చివరి దాకా వినిపించాడు. అప్పలకొండమ్మ అందులో తనకు కావలసినంత మట్టుకు అర్థం చేసుకుంది.

"అంటే సోంవారం నుండి నాను ఇక్కడ నిలబడతానా?"

"నిలబడతావు."

ఆదివారం కమిటీ సమావేశమై, దీర్ఘ చర్చ అనంతరం, ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సాయంకాలం తవిటమ్మ తన బార్లీ డబ్బా తిరిగి తీసుకుపోతూ, ఆ గడ్డిని ఎలా నలగ్గొట్టాలో అడిగింది. గోవిందరాజును సర్దారు మళ్ళీ బస్తాలకు పిలిచాడు. నాలుగు రోజుల నీడకు అలవాటుపడిన అతను కొంచెం విచారించాడు.

సోమవారం తెల్లవారి అప్పలకొండమ్మ ఉతికిన చీర కట్టుకుని, జుట్టు ముడి బిగించి, అందరి కంటే ముందు క్యాంటీనుకు వచ్చింది. బొగ్గు అంటించి, రెండవ పొయ్యి ముందు నిలబడింది. కత్తిపీటల దగ్గరి స్త్రీలు చేతులు ఆపి ఆమెను చూశారు. మృత్యుంజయ్ తన గరిటెలలో పొడుగైనదాన్ని ఎంచి, పిడిని తుడిచి, ఆమె చేతికి ఇచ్చి, "కానీ, అప్పలకొండమ్మా," అన్నాడు. మూడు సముద్రాలకు పోయే ఓడల కూతల నడుమ, ఖిదిర్‌పూర్ డాకు కార్మికుల సహకార క్యాంటీను చరిత్రలో తొలి మహిళా పాకశాస్త్రజ్ఞురాలు కడాయిలోకి చూసింది.

ఆ వేళ బజారుకు చేపలు రాలేదు. గుమ్మడికాయ వండింది. ఉప్పు ఎక్కువైంది.